ఈ యోడ యెవరిది?
(వర్తకనౌకల ధ్వజములను గూర్చిన పాఠము)



గడచిన వేసవి సెలవులలో మా పూర్వ విద్యార్థి యొకడు మమ్ములను జూడవచ్చెను. పాఠశాలలో నున్న దినములలో నతడు పటమునందలి సముద్రములకు నీలిరంగు పూయుటయందు చూపిన శ్రద్ధను లెక్కలయందు చూపినవాడు కాడు. శ్రీకాకుళ మండలపు తీరగ్రామముల యువకులు పలువురివలె నతడును నావికవిద్య నభ్యసించి, యొక దళారి మూలమున వర్తకనౌకలో కొలువు సంపాదించుకొనెను. దళారి యడిగిన సొమ్మునకై తల్లి తన చెవికమ్మలు కుదువబెట్టెను.

అతడెక్కిన యోడ విదేశపు రేవొకదాని వెలుపల లంగరు వేసి, యెనిమిది మాసములు కదలక నిలిచిపోయెను. జీతము లేదు. బియ్యము కొలిచి వండుకొనిరి. త్రాగునీరు కొలిచి పంచుకొనిరి. దళారికి టెలిఫోను చేయగా మొదట నేవో సాకులు చెప్పెను, పిమ్మట బదులు పలుకుటయే మానెను. ఈ సంగతి యంతయు విని మేము, "నాయనా, ఆ యోడ యెవరిది?" అని యడిగితిమి.

"అదే మాలో నెవరికిని తెలియలేదు, మాస్టారూ" అని యతడు తలవంచుకొని చెప్పెను. "వెనుకనున్న జెండా యేదో దేశముది. ఆ దేశమును మాలో నొక్కడును చూచినవాడు కాడు. పొగగొట్టముమీద నొకప్పుడేదో గుర్తు ఉండినది గాని దానిపై నల్లరంగు పూసివేసినారు."

ఆ మాట మా మనస్సులో నాటుకొనెను. ఒకానొక కాలమున "ఈ యోడ యెవరిది?" అను ప్రశ్నకు మూరెడు గుడ్డముక్కయే దూరమునుండి జవాబు చెప్పుచుండెను. ఆ గుడ్డముక్క చరిత్రమే యీ పాఠము.

1. ఓడమీది జెండాలు

వర్తకనౌకపై నొక్క జెండా మాత్రమే యెగురునని తలంపరాదు. ఒక్కొక్క జెండాకు వేరువేరు స్థానమును, వేరువేరు పనియు గలవు.

ఓడ వెనుకభాగమున నెగురునది జాతీయ నౌకాధ్వజము. ఆ యోడ యే దేశమున నమోదైనదో, యే దేశపు చట్టమునకు లోబడునదో యది తెలుపును. మన దేశపు వర్తకనౌకల ధ్వజము ఎఱ్ఱనిది. దాని పైమూలను మన త్రివర్ణపతాక యుండును. ఓడ పరదేశపు రేవు చొచ్చినపుడు ముందుకొయ్యపై నా దేశపు జెండా నెత్తుదురు. ఇంటికి వచ్చిన యతిథి ఇంటివారికి చేయు నమస్కారము వంటిది యిది.

ఇక వార్తలు చెప్పు జెండాలున్నవి. నీలివర్ణము నడుమ తెల్లని చదరము గల జెండాను రేవులో నెత్తినచో, "ఓడ బయలుదేరబోవుచున్నది, అందఱును ఓడయెక్కవలెను" అని యర్థము. పూర్తిగ పసుపుపచ్చనిది, "మా యోడలో రోగములేదు, రేవులోనికి రానిండు" అని వేడుకొనును. సగము తెలుపు సగము ఎఱుపు గలది, దారిచూపు పైలటు ఓడమీద నున్నాడని తెలుపును. ఇట్టి సంకేతముల నన్ని జాతులవారు నొక్క తీరున గ్రహించుటకై 1857 లో బ్రిటిషు వర్తక శాఖవారు ఒక సంకేతగ్రంథము ప్రకటించిరి. నేడు వాడుకలోనున్న అంతర్జాతీయ సంకేతావళికి నదియే మూలము.

వీటన్నిటికిని వేరైనది, నడిమికొయ్యపై నెగురు యజమాని జెండా. దీనిని హౌస్ ఫ్లాగ్ అందురు. ఇచట హౌస్ అనగా కాపురముండు నిల్లు గాదు, వర్తకపు కొట్టు. వెనుకనున్న జెండా ఓడ దేశమును చెప్పగా, నీ జెండా ఓడ సొంతదారుని చెప్పును. ఈ భేదమును విద్యార్థులు బాగుగ జ్ఞాపకముంచుకొనవలెను, ఏలయన మన పాఠమంతయు దీనిపైననే నిలిచియున్నది.

ధ్వజమును జూచి ధ్వజము గలవానిని గుర్తించుట మనకు క్రొత్త గాదు. విరాటపర్వమున నుత్తరగోగ్రహణ సమయమందు అర్జునుడు ఉత్తరునకు కౌరవవీరుల నెట్లు చూపెను? ముఖములు గానరాని దూరమునుండి, బంగారు వేదిక గల టెక్కెమువాడు ద్రోణుడనియు, సర్పధ్వజము గలవాడు దుర్యోధనుడనియు, తాటిచెట్టు గుర్తువాడు భీష్ముడనియు పడగలను బట్టియే చెప్పెను గదా. దూరము ముఖమును మరుగుపఱచును, ధ్వజము దానిని వెల్లడించును. సముద్రముమీది వర్తకులకును ఇదే యక్కఱ కలిగెను.

2. బిడ్‌స్టన్ కొండ

ఇంగ్లండునందలి లివర్‌పూలు పట్టణము మెర్సీ నది యొడ్డున నున్నది. పడమటి సముద్రమునుండి వచ్చు నోడలు నదీముఖమును సమీపించువఱకు పట్టణవాసులకు గానరావు, నడుమ విరల్ అను భూభాగ మడ్డము. ఆ భూభాగముమీద బిడ్‌స్టన్ అను కొండ యున్నది. దాని శిఖరమునుండి యొకవైపు సముద్రమును, ఇంకొకవైపు పట్టణమును గానవచ్చును.

1763 మొదలు ఈ కొండపై జెండాకొయ్యలు నాటిరి. కాలక్రమమున వాని సంఖ్య నూటికి మించెను. కావలివాడు దూరదర్శినితో సముద్రమును పరికించుచు, వచ్చు నోడ యే వర్తకునిదో గుర్తించి యా వర్తకుని జెండాను కొయ్యపై కెత్తుచుండెను. పట్టణమందలి వర్తకుడు తన కచేరీ కిటికీనుండి యా జెండాను జూచి, ఓడ రేవు చేరకమునుపే సరకు దింపు స్థలమును, కూలివాండ్రను సిద్ధపఱచుకొనుచుండెను.

ఇందలి ప్రయోజనమును గ్రహింపుడు. ఆ దినములలో నోడ బయలుదేరిన పిమ్మట దానిని గూర్చిన వార్త మాసములకొలది యుండదు. తుపానులో మునిగెనో, శత్రువుల చేత చిక్కెనో యెవరెఱుగుదురు? వర్తకుని సొత్తంతయు, అప్పులిచ్చినవారి సొమ్మును, నావికుల కుటుంబముల యాశలును ఆ యోడలోనే యుండును. కొండపై నా జెండా లేచినదనగా నన్నిటికి నొక్కమారు జవాబు వచ్చినట్లే. నావికుని భార్య చదువు రానిదైనను తన భర్త కొలువుచేయు వర్తకుని జెండాను గుర్తింపగలదు. అక్షరములేని యుత్తరము వంటిది ఆ జెండా.

1827 లో లివర్‌పూలునకును హోలీహెడ్ రేవునకును నడుమ కొండనుండి కొండకు కొయ్యచేతుల సంకేతములతో వార్తలంపు టెలిగ్రాఫు ఏర్పడెను. నాటినుండి వార్త కొద్ది నిమిషములలో చేరసాగెను. జెండాల యవసరము క్రమముగ తగ్గెను. అయినను కొయ్యలు నాటుటకై తొలిచిన రంధ్రములు ఆ కొండరాళ్ళలో నేటికిని గానవచ్చుచున్నవి.

3. జెండా నిర్మాణమునకు గల నియమములు

యజమాని జెండాలలో నక్షత్రములు, శిలువలు, గుండ్రని బంతులు, వజ్రాకారపు చతురస్రములు హెచ్చుగ గానవచ్చును. దీనికి కారణము లేకపోలేదు.

జెండాను రెండువైపులనుండి చూతురు. గుడ్డమీద వ్రాసిన అక్షరము వెనుకనుండి యద్దపు ప్రతిబింబమువలె గనబడును. బంతియు నక్షత్రమును ఏవైపునుండి చూచినను ఒక్కటే. ఇక రంగుల మాట. సముద్రముపై మంచులోను, ఎండలోను, దూరమునుండి స్పష్టముగ తెలియు రంగులు కొద్ది: ఎఱుపు, నీలము, తెలుపు, పసుపు, నలుపు. సన్నని చిత్రములు, లేతరంగులు పనికిరావు. రంగులు కొద్ది, వర్తకులు వందలు; కాబట్టి యొకరి జెండా యింకొకరి జెండాను పోలుట తప్పదయ్యెను. ఈ చిక్కును దీర్చుటకు లండనులోని లాయిడ్స్ సంస్థవారు ప్రపంచమందలి ముఖ్యమైన స్టీమరు కంపెనీల జెండాలను, పొగగొట్టముల రంగులను చిత్రించిన పుస్తకమును 1904 లో ప్రకటించిరి.

పొగగొట్టముల ప్రసక్తి యెందుకు వచ్చెననగా, గాలిలేని దినమున జెండా కొయ్యకు చుట్టుకొని వ్రేలాడును, దానిని చదువుట కష్టము. పొగగొట్టమునకు గాలితో పనిలేదు. అందుచేత తెరచాపలు పోయి యావిరియోడలు వచ్చిన పిమ్మట యజమానులు తమ గుర్తును పొగగొట్టముపైనను వేయించిరి. లివర్‌పూలునకు జెందిన యొక కంపెనీ నీలి పొగగొట్టముల కంపెనీ యనియే లోకమున ప్రసిద్ధి కెక్కెను.

4. కథగల జెండాలు నాలుగు

మొదటిది నల్లబంతి జెండా. పూర్వము ఓడలు సరకు నిండువఱకు రేవులో కాచుకొని యుండెడివి. బయలుదేరు దినము దైవాధీనము. న్యూయార్కు వర్తకులు కొందఱు సరకు నిండినను నిండకున్నను నియమిత దినమున నోడను నడుపుదుమని ప్రకటించిరి. 1818 జనవరి 5 వ తేదీన మంచు కురియుచుండగా జేమ్స్ మన్రో అను నోడ మాట తప్పక లివర్‌పూలునకు బయలుదేరెను. ఎఱ్ఱని జెండాపై నల్లబంతి వారి గుర్తు. ముందు తెరచాపమీదను ఆ బంతినే చిత్రించిరి. నాటినుండి యా బంతి గడియారపు ముల్లువలె కాలనియమమునకు గుర్తయ్యెను. తరువాత 1852 ప్రాంతమున లివర్‌పూలులో జేమ్స్ బెయిన్సు అను వర్తకుడు ఆ పేరును, ఆ గుర్తునే తన యోడలకు పెట్టుకొనెను. మంచి పేరునకు పోటీదారులు మెండు.

రెండవది పీ అండ్ ఓ కంపెనీ జెండా. ఇది మూలనుండి మూలకు గీచిన రెండు గీతలచే నాలుగు త్రిభుజములుగ విభజింపబడినది. రంగులు తెలుపు, నీలము, ఎఱుపు, పసుపు. ఈ కంపెనీ స్థాపకులైన విల్కాక్సు, ఆండర్సనులు పోర్చుగలు, స్పెయిను దేశములతో వర్తకము నడపి, 1837 లో నచటికి తపాలు చేరవేయు నొడంబడికను సంపాదించిరి. ఆ దేశములలో సింహాసనమునకై యంతర్యుద్ధములు జరిగినపుడు వీరు రాణుల పక్షమునకు తోడ్పడిరి. ఆ స్నేహమునకు గుర్తుగ పోర్చుగలు రాజధ్వజమునుండి తెలుపు నీలములను, స్పెయిను ధ్వజమునుండి ఎఱుపు పసుపులను గైకొనిరి. 1840 లో తూర్పుదేశములకు నోడలు నడుపు నధికారపత్రమును పొంది, కంపెనీ యా నాలుగు రంగులతోనే మన దేశపు రేవులకును వచ్చెను.

మూడవది తెల్ల నక్షత్రపు జెండా. ఎఱ్ఱని గుడ్డ, చివర చీలిన తోక, నడుమ అయిదు కోణముల తెల్లని నక్షత్రము. ఈ పేరుగల మొదటి కంపెనీ దివాలా తీయగా, 1868 జనవరిలో థామస్ హెన్రీ ఇస్మే అను నతడు దాని పేరును, జెండాను, మంచిపేరును మాత్రము వేయి పౌనులకు కొనెను. విద్యార్థులారా, గమనింపుడు! అతడు కొన్నవి ఓడలు గావు. ఒక గుడ్డయు, ఒక పేరును మాత్రమే. ఆ జెండా క్రిందనే 1912 ఏప్రిలులో టైటానిక్ మునిగి 1,500 మంది ప్రాంతమున చనిపోయిరి. 1934 లో నీ కంపెనీ, భూగోళమును పట్టిన బంగారు సింహము గుర్తుగల క్యునార్డు కంపెనీతో కలిసెను. పిమ్మట వారి యోడలు రెండు జెండాలను నెగురవేసెను. క్యునార్డువారి పాత యోడలలో సింహము పైనను, తక్కిన కంపెనీవారి పాత యోడలలో నక్షత్రము పైనను ఉండెను. రెండు కుటుంబములు కలిసినను పెద్దరికపు లెక్క మరువలేదు.

నాలుగవది డెన్మార్కు దేశపు మేర్‌స్క్ కంపెనీవారి నక్షత్రము. పీటర్ మేర్‌స్క్ మొల్లర్ అను నావికాధిపతి భార్య ఆన్నా తీవ్రమైన జబ్బున పడెను. ఒకరాత్రి యతడు ఆమెకొఱకు ప్రార్థించుచు, దేవుడు తన మొఱ వినెనని తెలియుటకు ఒక నక్షత్రమైనను గనబడవలెనని వేడుకొనగా, మబ్బుగ నున్న యాకాశమున నక్షత్రము గనబడెను. 1886 లో లారా అను స్టీమరును కొన్నపుడు దాని పొగగొట్టముపై నీలిపట్టీలో తెల్లని నక్షత్రమును వేయించి, దాని కారణమును భార్యకు ఉత్తరములో తెలిపెను. ఏడు కోణముల యా నక్షత్రము నేడు ప్రపంచమందలి మిక్కిలి పెద్ద పెట్టెయోడల కంపెనీలలో నొకదానికి గుర్తు. ప్రతిదినము లక్షలమంది దానిని జూచుచున్నారు, అది ఒక రోగిష్టిస్త్రీకొఱకు చేసిన ప్రార్థన జ్ఞాపకమని యెందఱెఱుగుదురు?

5. మన తీరమున

మన తెలుగు తీరమును ఈ ధ్వజముల నెఱుగనిది గాదు. 1602 లో నేర్పడిన డచ్చి తూర్పిండియా కంపెనీవారు కొలది యేండ్లలోనే మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. వారు తమ దేశపు త్రివర్ణముమీద కంపెనీ పేరునందలి మూడు మొదటి అక్షరములను పెనవేసిన గుర్తును వేసికొనిరి. ఫిరంగులపైనను, పింగాణి పళ్ళెములపైనను, నాణెములపైనను అదే గుర్తు. 1611 లో మచిలీపట్టణము చేరిన ఇంగ్లీషు తూర్పిండియా కంపెనీవారి జెండా ఎఱుపు తెలుపు చారలది. దాని మూలను మొదట సెయింట్ జార్జి శిలువయు, 1707 తరువాత బ్రిటిషు సమ్మేళన ధ్వజమును ఉండెను. వర్తకుని జెండాగ దిగినది రాజ్యాధికారపు జెండాగ మాఱినదని చరిత్ర పాఠములో చదివియే యున్నారు. గుడ్డ చిన్నదైనను దాని వెనుక నున్న ఆశ చిన్నది గాదు.

మీ తాతముత్తాతలు గుర్తించిన జెండా వేరొకటి కలదు. 1856 లో కలకత్తా బర్మా కంపెనీగ మొదలై, 1862 లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ యను పేరొందిన సంస్థవారిది. తెల్లనిగుడ్డపై మూలనుండి మూలకు ఎఱ్ఱని శిలువ, చివర చీలిన తోక. నల్లని పొగగొట్టముపై రెండు తెల్లని పట్టీలు. కాకినాడ, విశాఖపట్టణము మొదలైన రేవులనుండి రంగూనునకు కూలికై పోయిన తెలుగువారిని వేలకొలది మోసికొనిపోయినవి ఈ స్టీమర్లే. కోరంగి రేవు పేరునుబట్టి బర్మాలో మనవారికి కోరంగీలను పేరు గలిగెను. అక్షరము రానివారైనను రెండు తెల్లపట్టీలను జూచి, "అదిగో స్టీమరు" అని మూటలెత్తుకొనెడివారు.

పరుల జెండాలే గాక స్వదేశీయుల జెండా యొకటి సముద్రముపై నెగురవలెనను కోరికయు మనవారిలో పుట్టెను. 1906 లో తూత్తుకుడియందు చిదంబరం పిళ్ళెగారు స్వదేశీ నౌకాసంస్థను స్థాపించిరి గాని, విదేశీ కంపెనీ ప్రయాణపు చార్జీలు తగ్గించి పోటీచేయగ నది నిలువజాలకపోయెను. 1919 లో వాల్‌చంద్ హీరాచంద్ ప్రభృతులు సింధియా కంపెనీ నేర్పఱచిరి. వారి లాయల్టీ యను నోడ ఆ సంవత్సరము ఏప్రిలు 5 వ తేదీన బొంబాయినుండి లండనునకు బయలుదేరెను. అందుచేతనే 1964 నుండి ఏప్రిలు 5 వ తేదీని జాతీయ నౌకాదినముగ జరుపుకొనుచున్నాము. ఆ కంపెనీవారే విశాఖపట్టణమున నోడల కర్మాగారము నిర్మింపగా, 1941 జూను 21 వ తేదీన డాక్టరు రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. అచట నిర్మింపబడిన జలఉష యను నోడను 1948 మార్చి 14 వ తేదీన నెహ్రూగారు నీటిలోనికి విడిచిరి.

6. జెండా చెప్పనిది

ఇంతవఱకు జెండాను పొగడితిమి. అది చెప్పని దొకటి యున్నది, దానిని మరుగుపఱచుట ఉపాధ్యాయధర్మము గాదు.

బిడ్‌స్టన్ కొండపై జెండాలెగిరిన యా దినములలో లివర్‌పూలు వర్తకులలో ననేకులు ఆఫ్రికా ప్రజలను బానిసలుగ కొని యమ్ముకొనుచుండిరి. 1781 లో లివర్‌పూలు వర్తకులకు జెందిన జాంగ్ అను బానిసల యోడలో నీరు చాలదను నెపమున నూట ముప్పదిమందికి పైగా ఆఫ్రికనులను ప్రాణములతో సముద్రములోనికి త్రోసివేసిరి. పిమ్మట యజమానులు, పోయిన సరకునకు సొమ్మిమ్మని భీమా సంస్థపై వ్యాజ్యము వేసిరి! 1783 లో న్యాయస్థానమున వాదింపబడినది భీమాసొమ్మును గూర్చియే గాని నరహత్యను గూర్చి గాదు. హత్యకై యెవ్వరును విచారింపబడలేదు. బ్రిటిషు చట్టము బానిసల వర్తకమును నిషేధించినది 1807 లో.

కావున జెండా "ఈ యోడ నాది" యని మాత్రమే చెప్పును. "ఈ యోడలో న్యాయము జరుగుచున్నది" యని చెప్పదు. అయినను ఆ మొదటి మాట లేకున్నచో రెండవ ప్రశ్న నెవరి నడుగగలము? జాంగ్ కథ నేడు మనకు తెలిసి, దాని యజమానుల పేళ్ళు అపకీర్తిపాలై నిలిచియుండుటకు కారణము, ఓడ యెవరిదో తెలియుటయే. పేరు దొరికినచోటనే నేరమును దొరకును.

7. నేటి సంగతి

నేడు యజమాని గుర్తును పెట్టెలపైనను, ఓడ ప్రక్కలను నిలువెత్తు అక్షరములతోను చూచుచున్నాము. పెద్ద కంపెనీలు తమ పేరును దాచుకొనవు. కాని సముద్రమున పేరు దాచుకొను నోడలును బహుళముగ నున్నవి.

ఒక దేశమువాడు ఓడను కొని, ఇంకొక దేశమున నమోదుచేసి, మూడవ దేశమందలి కంపెనీచే నడిపించి, నాలుగవ దేశపు నావికులను పనిలో పెట్టవచ్చును. పనామా, లైబీరియా, మార్షల్ ద్వీపములు పరదేశపు యజమానుల యోడలను విస్తారముగ నమోదుచేయు దేశములు. పన్నులు తక్కువ, నిబంధనలు సులభము. ఇట్టి జెండాలకు సౌకర్యపు జెండాలని పేరు. ఈ జెండాలు గల యోడలన్నియు చెడ్డవి గావు. మంచి కంపెనీల యోడలు ననేకము వానిలో నున్నవి. అయితే, దాగదలచినవానికి నిది మంచి చాటు. 1982 నాటి సముద్రచట్ట సమ్మతిపత్రము ఓడకును దాని జెండాదేశమునకును నిజమైన సంబంధముండవలెనని చెప్పుచున్నది గాని, యా మాట ఆచరణమున పలుచనయ్యెను.

దీని ఫలమెట్టిదో ఒక్క యుదాహరణము చాలును. 2013 లో రోసస్ అను పాతయోడ 2,750 టన్నుల అమోనియం నైట్రేటుతో బీరూటు రేవు చేరెను. దాని జెండా మాల్డోవా దేశముది. ఓడను అధికారులు నిలుపగా, దానిని పట్టించుకొను యజమాని లేకపోయెను. కప్తానును, కొందఱు నావికులును మాసములకొలది యా యోడలోనే చిక్కుకొనిరి. సరకును 2014 లో రేవు గిడ్డంగిలో పెట్టిరి, ఓడ 2018 లో నచటనే మునిగెను. 2020 ఆగస్టు 4 వ తేదీన నా సరకు ప్రేలి రెండువందలమందికి పైగా చనిపోయిరి. పట్టణములో గొప్ప భాగము పాడయ్యెను. రేవు అధికారుల యుపేక్షయు నిందులో నున్నది. అయినను "ఇది నాది" యనువాడు మొదటనే నిలిచియుండినచో, ఆ సరకు అచట నారేండ్లు పడియుండునా?

ఇందుకు లోకము కొన్ని మందులు కనిపెట్టకపోలేదు. ప్రతి పెద్ద యోడకును ఏడు అంకెల సంఖ్య నిత్తురు. పేరు మాఱినను, జెండా మాఱినను, యజమాని మాఱినను ఆ సంఖ్య మాఱదు. 1987 లో నంగీకరింపబడిన యీ పద్ధతి 1996 నుండి తప్పనిసరి యయ్యెను. ఈక్వాసిస్ అను నంతర్జాల పట్టికలో నా సంఖ్యను వెదకినచో ఓడను నడుపు కంపెనీ వివరములు ఉచితముగ తెలియును. 2006 నాటి నావికశ్రమ సమ్మతిపత్రమునకు చేర్చిన సవరణలు 2017 జనవరినుండి యమలునకు వచ్చినవి. వానిప్రకారము, విడిచిపెట్టబడిన నావికుల భోజనమునకును, నాలుగు మాసములవఱకు జీతమునకును, ఇల్లు చేరు ఖర్చునకును ముందుగనే పూచీ యేర్పఱచి, ఆ పూచీపత్రమును ఓడలో నందఱును చూడగలచోట అంటింపవలెను. రెండు మాసములు జీతమియ్యకుండుటయే నావికుని విడిచిపెట్టుటగ నెంచబడును. మన దేశమును 2015 లో నీ సమ్మతిపత్రమును ధ్రువపఱచెను.

8. ముగింపు

మీలో కొందఱు రేపు సముద్రముమీదికి పోవువారే. పొండు, అది గౌరవమైన వృత్తి. అయితే ఓడయెక్కకమునుపు మూడు సంగతులను విచారింపుడు. కొలువు నిప్పించు సంస్థకు మన దేశపు నౌకాయాన డైరెక్టరేటు జనరలువారి యనుమతిపత్రము గలదా? ఓడ యేడంకెల సంఖ్య యేది, దానిని నడుపువారెవరు? ఓడలో పూచీపత్ర మంటింపబడియున్నదా? ఇంకొక మాట. కొలువు నిప్పించినందులకు నావికునివద్ద రుసుము పుచ్చుకొనుటను పైని చెప్పిన సమ్మతిపత్రము నిషేధించుచున్నది. కాబట్టి సొమ్మడిగిన దళారి ఆ యడుగుటలోనే తన జెండాను చూపుకొన్నాడని తెలిసికొనుడు.

మా పూర్వ విద్యార్థి యా తల్లి చెవికమ్మల సంగతి చెప్పినపుడు మేము ఊరకుంటిమి. ఈ సంగతి యేనాడో తరగతిలో చెప్పియుండవలసినది గదా యని మాకు తోచెను. నది పేళ్ళు, రేవు పేళ్ళు వల్లెవేయించితిమి గాని, రేవులో నిలిచిన యోడను జూచి "ఇది యెవరిది?" యని యడుగుట నేర్పలేదు. ఆ లోపమును కొంతవఱకైన దీర్చుటకే ఈ వ్యాసము. అతడు మాసములు గడచిన పిమ్మట ఇల్లు చేరెను. జీతములో సగమైనను రాలేదు. కమ్మలింకను కుదువలోనే యున్నవట.

మనుష్యుడును ఒక యోడ వంటివాడే. అతడు చేసిన పనిమీద తన పేరు వేయుటకు సిగ్గుపడనంతకాలము ఆ పనిని నమ్మవచ్చును. మీ లెక్కల పుస్తకము మొదలుకొని రేపు మీరు కట్టు నిల్లు, నడుపు కొట్టు, పెట్టు సంతకమువఱకు ప్రతిదానిపైనను మీ గుర్తు కొయ్యచివర నెగురుచుండవలెను గాని, పొగగొట్టముమీది నల్లరంగు క్రింద దాగియుండరాదు.

అభ్యాసము

1. ఓడ వెనుకనుండు జెండాకును, నడిమికొయ్యపైనుండు జెండాకును గల భేదమేమి?
2. బిడ్‌స్టన్ కొండపై జెండా లేచుటవలన వర్తకునికి గలిగిన లాభములను వ్రాయుడు.
3. జెండాపై అక్షరముకంటె బంతియు నక్షత్రమును మేలగుటకు కారణమేమి?
4. 1868 లో నిస్మే కొన్నవస్తువులేవి? ఓడలులేని పేరునకు వెల యెట్లు గలిగెను?
5. మీ యింటిలో గాని, మీ గ్రామమున గాని ఓడలలో పనిచేసినవారున్నచో, వారు కొలువుచేసిన యోడ గుర్తును అడిగి తెలిసికొని రంగులతో చిత్రింపుడు.